నలభై చుక్కల లెక్క ఎక్కడిది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం పడకగది గురించి వచ్చిన ఉత్తరాలకే కేటాయించాం. జవాబులు రాసింది ఇద్దరం: లైంగిక సమస్యలు చూసే వైద్యుడు ఒకరు, సాంఘిక చరిత్ర బోధించే అధ్యాపకురాలు ఒకరు. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ "మన శాస్త్రాల్లో ఇలా ఉందట కదా" అనో, "సైన్సు తేల్చేసిందట కదా" అనో ఒక మాట ఉంది. ఆ మాట ఎప్పుడు పుట్టిందో, ఎవరి నోట పుట్టిందో తెలిస్తే సగం భయం అక్కడే దిగిపోతుంది. అందుకే సలహాతోపాటు తారీఖులు కూడా ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. గ్రూప్స్‌కి చదువుతున్నాను. పదిహేనో ఏటి నుంచి హస్తప్రయోగం అలవాటు. ఈమధ్య మూత్రం చివర తెల్లగా పోతోంది. నడుం లాగేస్తోంది, చదివింది నిలవడం లేదు. 40 చుక్కల రక్తం ఒక్క చుక్క వీర్యమవుతుందని మా ఊళ్లో అందరూ అంటారు. పోయిన ధాతువు తిరిగి వస్తుందా? పెళ్లికి పనికొస్తానా? – తణుకు

జవాబు: పనికొస్తారు. ముందు ఆ మాట గుండెల్లో పెట్టుకుని తర్వాతది చదవండి.

ఆయుర్వేదం శరీరంలో ఏడు ధాతువులు చెప్పింది: రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం. తిన్న అన్నం ఒక్కో మెట్టూ దిగుతూ చివరికి శుక్రమవుతుందని ఆ లెక్క. శుక్రం ఒకచోట నిలవ ఉండేది కాదు, పాలలో నెయ్యిలా, చెరకులో రసంలా ఒళ్లంతా వ్యాపించి ఉంటుందని సుశ్రుతుడు అన్నాడు. సూక్ష్మదర్శిని లేని రోజుల్లో అది గొప్ప ఊహే. కానీ చివరి మెట్టు కాబట్టి అన్నిటికంటే ఖరీదైనదనీ, పోతే పైవన్నీ పోయినట్టేననీ జనం అర్థం చేసుకున్నారు.

ఇక 40 సంగతి. స్విట్జర్లాండులోని లొజాన్‌లో తిస్సో అనే డాక్టరు 1760లో హస్తప్రయోగం మీద ఒక పుస్తకం వేశాడు. ఔన్సు వీర్యం పోతే 40 ఔన్సుల రక్తం పోయినదానికంటే ఎక్కువ నీరసం వస్తుందని అందులో రాశాడు. పిచ్చి, గుడ్డితనం, క్షయ అన్నీ దీనివల్లేనన్నాడు. ఆ పుస్తకం యూరప్ భాషలన్నిటిలోకీ వెళ్లింది. అక్కడి వైద్యులు వందేళ్లకు పైగా దాన్నే నమ్మి పిల్లల చేతులు కట్టేశారు. అంటే మీ ఊరి అరుగు మీద వినిపించే అంకే ఒకప్పుడు యూరప్‌లో డాక్టర్లు చెప్పిన 'సైన్సు' కూడా. రెండుచోట్లా ఎవరూ కొలిచి చూసింది లేదు.

కొలిస్తే ఏం తేలిందంటే: ఒకసారి వచ్చే వీర్యం 2 నుంచి 5 మిల్లీలీటర్లు, చెంచాడు కూడా నిండదు. అందులో మూడింట రెండు వంతులు వీర్యకోశాల స్రావం, పావు వంతుకు పైగా ప్రోస్టేట్ గ్రంథి ద్రవం. వృషణాల నుంచి వచ్చే వీర్యకణాల వాటా నూటికి 2 నుంచి 5 పాళ్లే. నీరు, కొంచెం చక్కెర, కొద్దిగా ప్రొటీను, జింకు. అంతకుమించి అందులో రహస్యమేమీ లేదు. ఒక్కో కణం తయారవడానికి సుమారు 70 రోజులు పడుతుంది గానీ, పంపు ఆగదు. రోజూ కోట్లలో కొత్తవి పుడుతూనే ఉంటాయి. బయటికి పంపకుండా దాచితే అవి మెదడుకెక్కవు. పాతబడినవాటిని శరీరమే విరగ్గొట్టి కలిపేసుకుంటుంది.

మూత్రం చివర తెల్లగా పోయేది చాలామందిలో వీర్యం కాదు, ఫాస్ఫేటు లవణం. పప్పు, పాలు, మాంసం బాగా తిన్నరోజున, నీళ్లు తక్కువ తాగినరోజున మూత్రం మజ్జిగ తేటలా కనిపిస్తుంది. గాజుగ్లాసులో పట్టి నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. తేటపడిందా, అది ఫాస్ఫేటే. మలబద్ధకంతో ముక్కినప్పుడు జిగురుగా రెండు చుక్కలు వస్తే అది ప్రోస్టేట్ ద్రవం, దానికీ వైద్యం అక్కర్లేదు. ఎందుకైనా మంచిది, మామూలు మూత్రపరీక్ష, పరగడుపు షుగరు ఒకసారి చేయించండి. మంట, పసుపుపచ్చ చీము, రక్తం, పుండు – వీటిలో ఏది ఉన్నా మాత్రం అది ధాతువు కథ కాదు, ఇన్ఫెక్షను. చర్మ, సుఖవ్యాధుల డాక్టరును చూడాల్సిందే.

మరి నడుంనొప్పి, మతిమరుపు? అవి నిజమే, మీరు కల్పించుకున్నవి కావు. 1960లో ఎన్.ఎన్.విగ్ అనే మన మానసిక వైద్యుడే ఈ లక్షణాల మూటకు 'ధాత్ సిండ్రోమ్' అని పేరుపెట్టారు. పోతోందన్న భయం నిద్ర చెడగొడుతుంది, నిద్ర చెడితే చదువు నిలవదు, నిలవకపోతే భయం రెట్టింపవుతుంది. లేహ్యాలు, భస్మాలు ఈ గొలుసును తెంపవు. పైగా మందు ఇచ్చారంటే జబ్బున్నట్టేగా అని నమ్మకం గట్టిపడుతుంది. రోజుకు ఏడు గంటల నిద్ర, గంటకోసారి లేచి నడుం సాచడం, మూడు వారాలపాటు మూత్రం వైపు చూడటం మానేయడం. అప్పటికీ దిగులు వదలకపోతే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. హస్తప్రయోగం వల్ల చదువుకో, పనికో, ఒంటికో దెబ్బ తగిలేంతగా గంటలు గంటలు పోతుంటే తగ్గించుకోవాలి. తక్కినవాళ్లకు అది లెక్కపెట్టాల్సిన సంగతే కాదు.

ప్రశ్న: వచ్చే మాఘంలో నా పెళ్లి. స్కూల్లో కబడ్డీ ఆడాను, కాలేజీకి సైకిలు మీద వెళ్లాను. తొలిరాత్రి రక్తం రాకపోతే అనుమానిస్తారని స్నేహితురాలు భయపెట్టింది. కన్నెపొరను సరిచేసే ఆపరేషన్ ఉందట, చేయించుకోనా? – మచిలీపట్నం

జవాబు: వద్దమ్మా. లేని జబ్బుకు కోత ఎందుకు?

కన్నెపొర అనే తెలుగు మాటే సగం తప్పుదోవ పట్టించింది. పొర అనగానే డబ్బా మీద బిగించిన కాగితం గుర్తొస్తుంది. నిజానికి అది యోనిద్వారం అంచున ఉంగరంలా ఉండే మెత్తటి మడత. మధ్యలో దారి ఉంటుంది, లేకపోతే నెలసరి ఎలా వస్తుంది? కొందరికి సన్నగా, కొందరికి వెడల్పుగా, కొందరికి దాదాపు కనిపించనంతగా ఉంటుంది. సాగే గుణమున్నది సాగుతుంది, రక్తం రాదు. చాలామంది ఆడవాళ్లకు తొలిసారి రక్తం రాదు. వచ్చినవాళ్లలో చాలాసార్లు కారణం పొర కాదు, తడి లేకుండా తొందరపడటం. దాన్ని చూసి ఎవరి గతమూ చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తేల్చి చెప్పింది, కన్యత్వ పరీక్షలు నిషేధించమని కోరింది. అత్యాచార బాధితులకు చేసే రెండువేళ్ల పరీక్షను మన సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది. 2022 అక్టోబరు 31న, ఆ పరీక్ష చేసినవాళ్లు దుష్ప్రవర్తన దోషులేనంది.

బట్ట మీద మరకను సాక్ష్యంగా చూపించడం బైబిలు పాత నిబంధనలో, ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఉంది. అలాంటి ఆచారం ఎన్నో దేశాల్లో, ఎన్నో మతాల్లో కనిపిస్తుంది. మన ఇళ్లలో పొద్దున్నే తలుచుకోమనే పంచకన్యలు ఎవరో చూడండి: అహల్య, ద్రౌపది, కుంతి (కొందరు సీత అంటారు), తార, మండోదరి. అందరూ పెళ్లయినవాళ్లే, ద్రౌపదికి అయిదుగురు భర్తలు. వాళ్లను కన్యలన్న సంప్రదాయం పొరను చూసి అనలేదు కదా.

ఇక తొలిరాత్రి సంగతి. కొత్తగా పెళ్లయినవాళ్లు మొదటి మూడు రాత్రులూ కలవకుండా, నేల మీద పడుకుని, ఉప్పూకారం లేని తిండి తినాలని, ఆ తర్వాత కూడా అమ్మాయి మనసు కుదుటపడేదాకా మాటలతోనే దగ్గరవ్వాలని కామసూత్రం చెబుతుంది. స్త్రీలు పువ్వులాంటివాళ్లు, బలవంతం చేస్తే ఆ పనంటేనే రోత పుడుతుందని వాత్స్యాయనుడు హెచ్చరించాడు. ఇన్ని వందల ఏళ్లయినా ఈ సలహాలో మార్చాల్సింది పెద్దగా లేదు. పెళ్లిపనుల్లో నాలుగురోజులు నిద్రలేకుండా ఉన్న ఇద్దరిని గదిలోకి తోసి తలుపేసి, తెల్లారి మొహాలు చూసి నవ్వడంకంటే అది ఎంతో మేలు.

నొప్పి భయం ఉంటే నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ మెడికల్ షాపులో అడిగి దగ్గర పెట్టుకోండి. కొబ్బరినూనె, వాజిలైన్ మాత్రం కండోమ్‌తో వాడొద్దు. నూనె తగిలితే రబ్బరు కొద్ది నిమిషాల్లోనే బలహీనపడి చిరుగుతుంది. ప్రయత్నించిన ప్రతిసారీ కండరం గోడలా బిగుసుకుపోతుంటే దాన్ని వెజైనిస్మస్ అంటారు. బలవంతంగా కొనసాగించకండి. గైనకాలజిస్టు చెప్పే కండరాల సడలింపు అభ్యాసాలతో, సన్నవి నుంచి లావువి వరకు వరసగా వాడే డైలేటర్లతో చాలామందికి నయమవుతుంది.

పొరకు ఆపరేషన్ నిజంగా అవసరమయ్యేది చాలా అరుదు. పదిహేనేళ్లు నిండినా నెలసరి మొదలుకాని పిల్లకు నెలనెలా పొత్తికడుపు నొప్పి వస్తుంటే, దారి లేకుండా మూసుకుపోయిన పొర ఉండొచ్చు, లోపల రక్తం నిలిచిపోతుంది. చిన్న కోతతో సరిపోతుంది, కానీ ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. మీరు రాసే విషయాలన్నీ పడమటి దేశాల నుంచి వచ్చిన దిగుమతి. మన సంస్కృతిలో ఆడవాళ్లు శృంగారం గురించి నోరెత్తేవారు కాదు. మర్యాద అనేది మనకు అనాదిగా ఉంది. పత్రికలు దాన్ని చెడగొట్టొద్దని మనవి. – కరీంనగర్

జవాబు: మాస్టారూ, మీ ఆవేదన మాకర్థమైంది. అయితే చరిత్ర ఇంకోలా ఉంది. ఒకే ఒక్క పుస్తకం నడిచిన దారి మీ ముందు పెడతాం.

18వ శతాబ్దంలో తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. దేవదాసీ కుటుంబంలో పుట్టి, సంస్కృతాంధ్రాలు చదువుకున్న విదుషి. ఆమె రాసిన తెలుగు కావ్యం 'రాధికా సాంత్వనం'. రాధ తాను పెంచిన ఇలను కృష్ణుడికిచ్చి పెళ్లిచేస్తుంది. కొత్త దంపతులకు శృంగారం ఎలా ఉండాలో ఇద్దరికీ తనే చెబుతుంది. తర్వాత విరహంతో, ఈర్ష్యతో రగిలిపోతుంది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమె అలక తీర్చాల్సి వస్తుంది. పేరులోని సాంత్వనం అదే. మామూలుగా కావ్యాల్లో కోరిక మగవాడిది, స్త్రీకి ఇలాంటి ఊరడింపు దక్కడం సాధారణం కాదు. ఇక్కడ కోరిక ఆమెది, అడగడం ఆమెది, తీర్చే బాధ్యత దేవుడిది. ఈ కావ్యాన్ని ఆమె రాజుగారి కొలువులో ఉండి, తన పేరు, తన వంశం చెప్పుకుని రాసింది. ముసుగు వేసుకోలేదు.

మరి అది మనకు ఎందుకు తెలియకుండా పోయింది? 19వ శతాబ్దంలో అచ్చేసినవాళ్లు కొన్ని పద్యాలు, అవతారికలోని కొన్ని భాగాలు తీసేశారు. కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్ర రాస్తూ, ఈ కావ్యంలోని శృంగారం ఆడదాని నోట రాకూడనిదని నిందించారు. బెంగళూరు నాగరత్నమ్మ – తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన ఆ విదుషీమణే – వ్రాతప్రతి సంపాదించి, పోయిన పద్యాలు చేర్చి, 1910లో వావిళ్లవారి చేత అచ్చేయించారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులు రాసినప్పుడు ఎవరికీ ఎందుకు గుర్తురాదని పీఠికలోనే నిలదీశారు. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించింది. ప్రతులు స్వాధీనం చేసుకున్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో 1947లో ఆ నిషేధం తొలగింది.

లెక్క చూడండి మాస్టారూ. పుస్తకం తంజావూరు తెలుగు కొలువులో పుట్టింది. దాన్ని అశ్లీలమని నిషేధించింది ఇంగ్లిషు దొరల చట్టం. మధ్యలో, దొరల చదువు చదివి మన ఇళ్లు బాగుచేయాలనుకున్న మన సంస్కర్తలు ఉన్నారు. ఈ 'మర్యాద'లో ఎంత అనాదిగా ఉన్నదో, ఎంత విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చిందో ఆ తారీఖులే చెబుతాయి. దిగుమతి అయింది శృంగారం కాదు, దాని మీద కప్పిన దుప్పటి.

అలాగని ఆ కాలాన్ని బంగారుయుగమని మేము అనడం లేదు. ముద్దుపళనికి చదువు, గౌరవం ఇచ్చిన వ్యవస్థే ఊహ తెలియని ఆడపిల్లలను దేవుడికి అంకితమిచ్చి ఊరి పెద్దలకు అప్పగించింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టాలు అవసరమయ్యే వచ్చాయి. తెలంగాణ పల్లెల్లో జోగినిగా మారిన ఆడపిల్ల బతుకు చూసినవాళ్లకు ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. వీరేశలింగం గారి సంస్కరణలో నిజమైన కరుణ ఉంది, కాకపోతే ఆడపిల్లను కాపాడబోయి ఆమె గొంతునూ మూసేశారు. రెండూ ఒకే మనిషి చేసిన పనులు, రెండూ చెప్పుకోవాలి.

ఇంకొక్క మాట. కొక్కోకం అనగానే మనకు బస్టాండులో దాచి అమ్మే పుస్తకం గుర్తొస్తుంది. ఆ పేరు సంస్కృతంలో 'రతిరహస్యం' రాసిన కొక్కోకుడిది. కామసూత్రానిదీ అదే గతి. అందులో ఏడు అధికరణాలుంటే, లైంగిక క్రియ గురించి చెప్పేది రెండోది ఒక్కటే. మిగతావి పెళ్లి సంబంధం, ఇల్లు నడపడం, 64 కళలు, వేశ్యావృత్తి, మందులు వగైరా. ధర్మం, అర్థం, మోక్షం సరసన కామాన్ని కూర్చోబెట్టిన పెద్దలు దాన్ని చదవాల్సిన విద్య అనుకున్నారు.

ప్రశ్న: పెళ్లయి పన్నెండేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆయన మంచివారే. కానీ నాకెప్పుడూ ఏమీ అనిపించలేదు. మా వదినతో చెబితే "ఆడదానికి అది అవసరమా?" అంది. నాలో లోపమా? – ఖమ్మం

జవాబు: లోపం కాదమ్మా. మీ వదిన అడిగిన ప్రశ్న చాలా పాతది, పాతకాలపు కామశాస్త్ర పండితులు కూడా దాని మీద పోట్లాడుకున్నారు. స్త్రీకి మగవాడిలాంటి తృప్తి ఉండదని ఔద్దాలకి శ్వేతకేతువు వాదిస్తే, మొదటి నుంచీ చివరిదాకా ఉంటుందని బాభ్రవ్యుని శిష్యులు వాదించారు. ఇద్దరిదీ ఒకే జాతి, సుఖం కూడా ఒకలాంటిదే, కనుక ఆమెకు ముందుగా తృప్తి కలిగేలా చూడాలని వాత్స్యాయనుడు తీర్పు చెప్పాడు. అదే ఇంగ్లండులో 1857లో డాక్టర్ యాక్టన్, చాలామంది స్త్రీలకు ఈ కోరికల బాధే ఉండదని సైన్సు పేరిట రాశాడు. 1905లో ఫ్రాయిడ్ ఇంకో మడత పెట్టాడు: ఎదిగిన స్త్రీకి సుఖం యోని లోపలే కలగాలట, క్లిటోరిస్ దగ్గర కలిగితే అది చిన్నతనపు దశట. లక్షల మంది ఆడవాళ్లు తమలో లోపముందని ఈ మాట వల్ల బాధపడ్డారు.

శరీరం చెప్పేది వేరు. క్లిటోరిస్‌ను తెలుగు వైద్యగ్రంథాల్లో భగాంకురం అంటారు. పైకి కనిపించేది చిక్కుడుగింజంత, మూత్రద్వారానికి కాస్త పైన ఉంటుంది. మిగతాదంతా లోపల, రెండు కాళ్లలా యోనికి అటూఇటూ పరుచుకుని ఉంటుంది. ఆస్ట్రేలియాలో హెలెన్ ఒకానెల్ అనే మూత్రవ్యాధుల సర్జన్ 1998లో దాని పూర్తి ఆకారం శవపరీక్షలతో చూపించేదాకా వైద్య పాఠ్యపుస్తకాలు సగం బొమ్మే వేశాయి. మనిషి చంద్రుడి మీద నడిచిన దాదాపు ముప్పై ఏళ్ల తర్వాతన్నమాట. కేవలం లోపలి కలయికతోనే తృప్తి పొందని ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లంతా ఆరోగ్యవంతులే.

ఏం చేయాలి? మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు 1970లో ఇచ్చిన అభ్యాసం ఇప్పటికీ వాడతాం. అయిదో వారం అయ్యేదాకా కలయిక పూర్తిగా బంద్, అలా అని ఇద్దరూ ముందే మాట ఇచ్చుకోవాలి. మొదటి రెండు వారాలు, వారానికి మూడు రోజులు, పిల్లలు పడుకున్నాక, ఒకరు పడుకుంటే ఒకరు 20 నిమిషాలు తాకాలి. రొమ్ములు, మర్మాంగాలు మినహా వీపు, అరచేతులు, మెడ, పాదాలు. తర్వాత మలుపు తిప్పుకోవాలి. బాగున్నది, బాగులేనిది చేత్తో చూపించండి, నోరు రాకపోయినా ఫర్వాలేదు. మూడు, నాలుగు వారాల్లో మిగతా చోట్లు కలపండి. ఆయన చెయ్యి మీద మీ చెయ్యి వేసి ఎక్కడో, ఎంత ఒత్తిడో మీరే నడిపించండి. అయిదో వారం తర్వాతే కలయిక.

ఎక్కడ చెడుతుందంటే, రెండోరోజుకే "ఇంక చాల్లే" అని పాత దారి పట్టడం ఒకటి. "అయిందా? అయిందా?" అని అడగడం ఇంకొకటి. ఆ ప్రశ్నతో అది పరీక్ష అయిపోతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. డిప్రెషన్ మందులు కొన్ని, థైరాయిడ్, బిడ్డకు పాలిచ్చే రోజులు, నెలసరి ఆగే వయసు కూడా కోరికను, తడిని తగ్గిస్తాయి. ఏదైనా మందు వాడుతుంటే డాక్టరుతో చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంబంధాలు చూస్తుంటే, తనకు ఆడపిల్లల మీద ఆకర్షణ లేదు, తను గే అని ఫోనులో ఏడుస్తూ చెప్పాడు. వాళ్లమ్మ అన్నం మానేసింది. బావమరిది ఒక డాక్టరు మార్చేస్తాడంటున్నాడు. జాతకం కూడా చూపించాం. పెళ్లి చేస్తే సర్దుకుంటాడా? – గుంటూరు

జవాబు: పెళ్లితో సర్దుకోడు. ఒక్కరి దుఃఖం ఇద్దరిదవుతుంది, ఆ రెండో మనిషి ఏ పాపమూ తెలియని ఎవరి బిడ్డో. ఈ ఒక్క పనీ చేయకండి.

మార్చే డాక్టరు లేడు, ఎందుకంటే అది జబ్బు కాదు. జబ్బని ఒకప్పుడు అన్నది వైద్యులమే, ఆ తప్పు మాదే. అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం 1973లో జాబితా నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది, భారతీయ సైకియాట్రిస్టుల సంఘం 2018లో అదే చెప్పింది. మార్పిడి చికిత్స చేయడం వైద్యుడి దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. కరెంటు షాకులు, హార్మోను సూదులు, ఉపవాసాలు – వీటితో ఆకర్షణ మారదు. మారేది ఒకటే, పిల్లవాడు మీకు నిజం చెప్పడం మానేస్తాడు. కొందరు ప్రాణం తీసుకుంటారు.

ఎందుకిలా అవుతుందని మీరు అడుగుతారు. పెంపకం వల్ల కాదు, అమెరికా వల్ల కాదు. 2019లో నాలుగున్నర లక్షల పైచిలుకు మంది జన్యువులు పరీక్షిస్తే 'గే జన్యువు' అనేది ఒక్కటి దొరకలేదు. వందలాది జన్యువులు తలా కొంచెం, వాటితోపాటు పుట్టుకకు ముందూ తర్వాతా ఎన్నో కారణాలు కలిసి పనిచేస్తాయని తేలింది. ఎడమచేతివాటానికి కూడా ఒక్క కారణం చెప్పలేం, అలాంటిదే ఇది.

ధర్మం సంగతికొస్తే, మగవాడు మగవాడితో కలిస్తే కట్టుబట్టలతో స్నానం చేయాలని మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రాయశ్చిత్తం చెప్పింది. మెచ్చుకోలేదు, కానీ వేసిన శిక్ష అది. యావజ్జీవం వేసింది 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్. దాని మూలం 1533లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ చేయించిన చట్టంలో, దాని వెనక మధ్యయుగపు క్రైస్తవ చర్చి వాదనలో ఉంది. అలాంటి చట్టాన్ని ఇంగ్లండు తన దేశంలో ముందే వదిలేసింది. ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్ల విషయంలో మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న కొట్టేసింది. ఇద్దరు మగవాళ్ల పెళ్లికి మాత్రం మన దేశంలో చట్టబద్ధత లేదు, 2023 అక్టోబరు 17న కోర్టు ఆ పని పార్లమెంటుదేనంది. మీ అబ్బాయి ఉండే టెక్సస్‌లో అది చట్టబద్ధమే.

హిజ్రాల విషయంలోనూ ఇదే తంతు. బోనాల్లో మగపుట్టుక పుట్టి చీరకట్టిన శివసత్తుల కాళ్లకు నీళ్లుపోసి మొక్కే హైదరాబాదులోనే, 1919లో హిజ్రాలను పోలీసు రిజిస్టరులో ఎక్కించి, ఆడబట్టలు కట్టి వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకునే చట్టం వచ్చింది. బ్రిటిష్ ఇండియా 1871 నాటి చట్టమే దానికి నమూనా. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. వందేళ్లకు పైగా అది పుస్తకాల్లో బతికే ఉంది.

ఇప్పుడు చేయాల్సింది: ఈ రాత్రే అబ్బాయికి ఫోను చేయండి. "నాకు పూర్తిగా అర్థం కాలేదురా, కానీ నువ్వు మా అబ్బాయివే" అంటే చాలు, అంతకుమించి తెలివైన మాట వెతకొద్దు. సంబంధాలు చూడటం ఆపేయండి. చుట్టాలకు ఎవరికి ఎప్పుడు చెప్పాలో వాడినే నిర్ణయించనివ్వండి, బావమరిదికి చెప్పేముందు కూడా వాణ్ణి అడగండి. వాళ్లమ్మగారు పదిరోజులు దాటినా తిండి, నిద్ర లేకుండా ఉంటే చికిత్స అవసరమైనది ఆవిడకు, కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లండి.

ప్రశ్న: 48 ఏళ్లు, షుగరు ఉంది. ఆరు నెలలుగా గట్టిదనం రావడం లేదు. టీవీలో చూపిస్తున్న మూలికల కోర్సు 9 వేలట. వాడొచ్చా? – అనంతపురం

జవాబు: వద్దు. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటించడమే 1954 నాటి ఔషధ, మాయా చికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. అలాంటి 'మూలికల' గుళికల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) రహస్యంగా కలిపినట్టు పలు దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పట్టుకున్నాయి. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేటు బిళ్ల వాడేవాళ్లు దాన్ని తెలియక మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

పురుషాంగానికి రక్తం తెచ్చే నాళం వెడల్పు 1, 2 మిల్లీమీటర్లే. గుండె నాళం 3, 4. కొవ్వు పేరుకుంటే సన్నటిది ముందు మూసుకుంటుంది, అందుకే ఇది గుండెజబ్బుకు కొన్నేళ్ల ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష (HbA1c), బీపీ, కొలెస్టరాల్, ఈసీజీ చేయించండి. తెల్లవారుజామున గట్టిదనం వస్తోందా లేదా గమనించి డాక్టరుకు చెప్పండి. వస్తుంటే కారణం మనసులో ఉండే అవకాశం ఎక్కువ. సిగరెట్ ఉంటే ఇవాళే మానేయండి.

ప్రశ్న: మా పాపకు పదో ఏడు. రొమ్ము మొగ్గ కనిపిస్తోంది. ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? సమర్త ఫంక్షన్ చేయాలని అత్తగారి పట్టు. – విజయనగరం

జవాబు: ఇప్పుడే చెప్పండి. మొగ్గ కనిపించిన రెండు, రెండున్నరేళ్లలో నెలసరి వస్తుంది. రక్తం చూసి జబ్బు చేసిందని బెదిరిపోయాక చెబితే ఆలస్యం. ఒక ప్యాడ్ విప్పి, చెడ్డీకి అంటించి చూపించండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలని, బట్ట వాడితే సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలని (మంచం కింద కాదు) చెప్పండి. బడి సంచిలో ఒక ప్యాడ్, ఒక చెడ్డీ ఎప్పుడూ ఉంచండి. శరీర భాగాలకు ముద్దుపేర్లు కాకుండా యోని, రొమ్ము అని అసలు పేర్లే నేర్పండి. ఎవరైనా తాకకూడని చోట తాకితే పిల్ల స్పష్టంగా చెప్పగలగాలి కదా. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నోటికి రానివ్వండి. తమ్ముడుంటే వాడికీ పదకొండో ఏట చెప్పండి, స్వప్నస్ఖలనం గురించి ఎవరూ చెప్పని పిల్లవాడే తర్వాత తణుకు ఉత్తరం రాస్తాడు.

సమర్త విషయంలో మీ అత్తగారిని పూర్తిగా కాదనకండి. చిమ్మిలి, పులగం పెట్టడం, పదిమంది ఆడవాళ్లు కూర్చుని పాడటం – అవి ఆప్యాయతలు. కానీ పిల్ల పెళ్లీడుకు వచ్చిందని ఊరికి చాటడం ఆ వేడుక పాత పని. ఆడపిల్ల పెళ్లి వయసు 1929 శారదా చట్టంతో 14 అయింది, ఇప్పుడు 18. చాటే అవసరం తీరిపోయింది. మూల చాపమీద విడిగా కూర్చోబెట్టి, గ్లాసూ పళ్లెం వేరు చేస్తే పిల్లకు అర్థమయ్యేది తను మురికైందని. ఫ్లెక్సీ, మైకు, ఫొటోలు వద్దు. బడిలో మగపిల్లలు ఆ ఫ్లెక్సీ చూస్తారు. చిమ్మిలి వండండి, పిల్లనే అడగండి ఎవరెవరిని పిలవాలో. ఎవరూ వద్దంటే అమ్మమ్మ, నాయనమ్మ చాలు.